తల్లికర్ర

పదకొండో భాగం

పోయినవారం మీరు నన్ను న్‌టెమ్ ఏటి మధ్యలో, పడవలో వదిలారు. నా భుజాన గోనెగుడ్డలో చుట్టిన అడ్డవిల్లు ఉంది. నేను ఊరూరా తిరిగి పోగుచేసిన నలభై మూడింటిలో అది మొదటిది. పంతొమ్మిదేళ్ల కిందట మా మేనమామ బెకాలే ఊళ్ళో లేనప్పుడు ఆయన ఇంట్లోంచి పట్టుకుపోయాను. అది దొంగతనం కాదు. మాలో మేనల్లుడు మేనమామ ఇంట్లో ఏది తీసుకున్నా అడ్డు చెప్పేవాడు లేడు. కోడిని పట్టుకుపోయినా, మేకను తోలుకుపోయినా మామ నవ్వి ఊరుకోవాలి. ఆ ఏడు తర్వాత మా మామ మూడు అడ్డవిళ్లు చేశాడనీ, మూడింటికీ నారి దానంతటదే జారిపోయేదనీ, ఆపైన ఉలి పట్టడం మానేశాడనీ ఏటి అవతల ఒక వేటగాడి కొడుకు చెప్పాడు. చెప్పి, ఆ మూడింటిలో ఒకటి నా చేతిలో పెట్టాడు.

మా పక్క అడవుల్లో అడ్డవిల్లు చెయ్యడం తెలిసినవాడు ఇంకెవడూ మిగల్లేదు. మామకి డెబ్బై దాటాయి. ఆయన చేత ఒక్కటి, సరైనది ఒక్కటి, మళ్ళీ చేయించాలి. అందుకని ఆ మొదటిదాన్ని ఆయనకి తిరిగి ఇచ్చేద్దామని బయల్దేరాను.

పడవ దిగి రెండు గంటలు నడిచాను. మామ ఊరు అకామెసి పెద్దగా మారలేదు. ఎర్ర రోడ్డుకి అటూ ఇటూ రెండు వరసల ఇళ్లు. మగవాళ్ళు కూర్చునే సావిడి, అబాకి తాటాకు పోయి రేకు వచ్చింది. దాని నీడలో ఇద్దరు ముసలివాళ్ళు పలకలాట ఆడుతున్నారు. నా భుజాన మూట వైపు ఒకసారి చూసి మళ్ళీ ఆటలోకి వంగారు. ఒకప్పుడు అబా దూలానికి అడ్డవిళ్లు వరసగా వేలాడేవి. ఇప్పుడు ఒక సైకిలు చక్రం వేలాడుతోంది.

మా అత్త అండెమే వంటింటి గుమ్మంలో గుమ్మడిగింజలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము తీసుకుంది. గుర్తుపట్టాక లేవలేదు.

"ఎవడో అనుకున్నాను. నా మొగుడేనా?" అంది. "పంతొమ్మిదేళ్లు పెళ్ళాన్ని వదిలేసి ఎక్కడ ఊరేగావురా?"

మాలో మేనల్లుడు అత్తని వేళాకోళానికి పెళ్ళామనే పిలుస్తాడు, అత్త మొగుడా అంటుంది. చిన్నప్పుడు ఆ మాటకి సిగ్గుపడి పారిపోయేవాడిని.

"పట్నంలో, అత్తా."

"పట్నంలో కూడు పెట్టరా? ఆ మెడ చూడు, ఈకలు పీకిన పుంజులా ఉంది. ఉన్న మొగుడికి కళ్ళు పోయె. వచ్చిన మొగుడు ఎముకల గూడాయె. నాకు రాసిపెట్టింది ఇంతే."

"కళ్ళు పూర్తిగా పోయాయా?"

"మూడేళ్లయింది. మబ్బు కమ్మినట్టు కమ్మి మరి వీడలేదు. వెలుగుందో లేదో చెప్తాడు. వెలుగులో ఏముందో చెప్పలేడు." గొంతు తగ్గించింది. "లోపలున్నాడు. నువ్వొచ్చావని ఈపాటికి తెలిసే ఉంటుంది. కళ్ళ బదులు కూడా చెవులే పెట్టాడు దేవుడు."

మామ పొయ్యికి ఆ పక్క వెదురు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు గాని చేతులు మాత్రం తగ్గలేదు. మోకాళ్ళ మీద అవి వేరే ఎవరివో అక్కడ మరిచిపోయినట్టు ఉన్నాయి.

"కుడికాలు ఈడుస్తున్నాడు," అన్నాడు నా వైపు తిరక్కుండా. "అలోగో."

"అవును మావా."

"కాలికేమైంది?"

"సైకిలు మీంచి పడ్డాను. చాలా ఏళ్లయింది."

"కూర్చో. ముందు తిను."

అత్త ఆకుపొట్లం విప్పింది. వేరుశనగ ముద్దలో ఉడికిన పొగచేప. ఆకులో ఉడికించిన కర్రపెండలం పిండి కడ్డీ ఒకటి ఒలిచి నా ముందు పెట్టింది. నేను తింటున్నంతసేపూ మామ ఏమీ అడగలేదు. పట్నం ఎలా ఉందనిగానీ, పిల్లలెంతమందనిగానీ అడగలేదు. నేను నమలడం ఆపేదాకా ఆగాడు.

"తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చాను."

గోనెగుడ్డ విప్పి అడ్డవిల్లుని మంచానికీ గుమ్మానికీ మధ్య నేల మీద పెట్టాను. దాన్ని చూడనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. సన్నని పొడుగాటి కర్ర, దాని ముందు కొసన అడ్డంగా పొట్టి విల్లు. ఆ నడికర్రని నిలువునా రెండు పెదవుల్లా చీలుస్తారు, ఒక కొస మాత్రం కలిసే ఉంటుంది. పెదవులు ఎడంగా ఉన్నప్పుడు నారిని పై పెదవి మీది గంటులోకి లాగి తగిలిస్తారు. కింది పెదవిలో చిన్న కొయ్యమేకు ఉంటుంది. రెండు పెదవుల్ని పిడికిట్లో నొక్కితే మేకు పైకి లేచి నారిని గంటులోంచి తోసేస్తుంది. చీపురుపుల్లంత బాణం, చివర విషం. చెట్టు మీద ఒక కోతిని కొడితే పక్కనున్న కోతికి కూడా చప్పుడు తెలియదు. అంతా కలిపి రెండు కర్రలూ ఒక మేకూ. అయినా దాన్ని చెయ్యడం తెలిసినవాళ్ళు ఊరికి ఒకరే ఉండేవాళ్ళు.

మామ ముక్కుతో గాలి పీల్చాడు.

"ఏం పూశావు దీనికి?"

"నూనె మావా. పురుగు పట్టకుండా."

"పొగలో ఉంటే పురుగెందుకు పడుతుంది?"

నేను గోనెగుడ్డ మడతపెట్టాను.

"నువ్వు వీటి గురించి పుస్తకం రాస్తున్నావట. ఏటి అవతలివాళ్ళు చెప్పారు. దీన్ని కొలిచావా?"

"కొలిచాను."

"చెప్పు."

నాకు పుస్తకం తెరవక్కర్లేకపోయింది. నడికర్ర పొడుగు, విల్లు పొడుగు, నడుమ మందం, గంటు లోతు, మేకు పొడుగు, బరువు. అన్నీ చెప్పాను. మా మామ తల కొంచెం ఒక పక్కకి వంచి విన్నాడు. బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పానని ఇప్పుడు తోస్తోంది. ఆయనకి నేను ఎంత పని చేశానో తెలియాలని లోపల ఎక్కడో ఉన్నట్టుంది.

"బాగుంది," అన్నాడు. "పెదవి ఎక్కడిదాకా చీలింది?"

"కొసకి నాలుగు వేళ్ల ఇవతల దాకా."

"అది కంటికి కనబడేది. లోపల ఎక్కడిదాకా పోయింది?"

"లోపలంటే?"

"చీలిక పైన ఆగినచోట లోపల ఆగదురా. నరం వెంట ఇంకాస్త పోతుంది. నొక్కి వదిలితే బొటనవేలికి తెలుస్తుంది. సరే. కింది పెదవి వదిలితే చప్పుడెలా ఉంటుంది?"

"తెలియదు మావా."

"నారి లాగి ఎన్నిసార్లు కొట్టావు?"

"కొట్టలేదు."

"పంతొమ్మిదేళ్లలో?"

"దాచిన వస్తువుతో కొట్టరు మావా. పాడవుతుందని."

అత్త గుమ్మంలోంచి నవ్వింది. "పెళ్ళాన్ని కూడా అలాగే దాచావురా మొగుడా."

మామ నవ్వలేదు. నేను వంగి అడ్డవిల్లుని రెండు చేతులా ఎత్తి ఆయన మోకాళ్ళ దగ్గరికి తెచ్చాను. కళ్ళు లేకపోయినా ఆ వేళ్ళు ఉన్నాయి. ఒకసారి వేళ్ళకిస్తే చాలు, మిగతాది అవే చూసుకుంటాయని అనుకుంటూ వచ్చాను దారంతా.

"ఇదిగో మావా. నీది నీకు తెచ్చేశాను. పట్టుకో."

ఆయన చేతులు గబుక్కున చంకల్లోకి పోయాయి. చలేసినవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు.

"కింద పెట్టు."

"మావా..."

"కింద పెట్టమన్నానా."

మళ్ళీ నేల మీద పెట్టాను.

"నీకు నలభై అయిదు ఉంటాయి. ఈపాటికి తెలిసుండాలి," అన్నాడు మామ. కోపంగా అనలేదు. బడిలో చెప్పనిది ఇంట్లో చెప్పినట్టు చెప్పాడు. "మీ అమ్మని మీ నాన్నకిచ్చినప్పుడు మీవాళ్ళు తెచ్చిన ఓలి మా అయ్య నా చేతిలో పోశాడు. నేను దాన్ని తీసుకెళ్లి అండెమేని తెచ్చుకున్నాను. నా ఇల్లు, నా పొయ్యి, నా పిల్లలు, అంతా మీ అమ్మ మీద లేచింది. అందుకే నువ్వు ఈ ఇంట్లో ఏది తీసుకున్నా అది మీ అమ్మ వాటా. నువ్వు తీసుకుపోయినదాన్ని నేను తిరిగి ముట్టుకుంటే, మీ అమ్మకి నేనేం బాకీ లేనన్నట్టు. అండెమే ఈ ఇంటిది కాదన్నట్టు. చేయే కాదు, ఒళ్ళు తగిలినా అంతే."

నేను మేనల్లుడి హక్కు సగమే నేర్చుకున్నాను. తీసుకోవడం ఎలాగో తెలుసు. ఇంకో సగం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"మరి దీనికోసం నా మీద పంతొమ్మిదేళ్లు..."

"నీ మీద ఏమీ లేదురా. మేనల్లుడి మీద ఉండకూడదు." మెడ నా వైపు తిప్పాడు. "ఒకటి చెప్పు. దీన్ని తీసుకుపోయిన రోజు ఇది ఎలా ఉంది?"

"పొయ్యి మీద అటకకి వేలాడుతోంది."

"ఒక్కటేనా?"

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. జ్ఞాపకం వచ్చిందనడం కూడా అబద్ధమే. మరిచిపోతే కదా. నా పుస్తకం మొదటి పేజీలో నా చేత్తో రాసి ఉంది: 'మసి తుడిచాను. దీనికి నారతో కట్టిన మరో కర్ర అనవసరం గనక తీసేశాను.' ఎన్నోసార్లు ఆ పేజీ తిప్పాను. ఒక్కసారీ ఆ వాక్యం దగ్గర ఆగలేదు.

"ఇంకో కర్ర ఉంది," అన్నాను. "దీనికి కట్టి. చెట్టునారతో చుట్టూ బిగించి. చెక్కింది గాని మేకూ విల్లూ లేవు. పచ్చిగా ఉంది ఇంకా. మోసుకుపోవడానికి అడ్డమని నార కోసి..."

"కోసి?"

"పక్కన పడేశాను."

"పక్కనంటే?"

"పొయ్యి పక్కన. కట్టెల్లో."

గుమ్మంలో గింజలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు అంతసేపూ వస్తోందని ఆగాకే తెలిసింది.

మామ మొహం అటు తిప్పాడు. అత్త వినకూడదనుకున్న మాట వినేసిందని ఆయనకి కూడా అప్పుడే తెలిసినట్టుంది. నాకు చెప్తున్నట్టు మాట్లాడాడు గాని ఆమెకే చెప్పాడు.

"కొత్త నడికర్రని పచ్చిగా ఉండగానే చీల్చి పాతదానికి కట్టాలి. పెదవికి పెదవి ఆనించి, గంటుకి గంటు. పాతది తల్లి. వానాకాలమంతా ఒక్క పొగలో వేలాడాలి రెండూ. ఎండుతూ ఎండుతూ పిల్ల తల్లిని పట్టుకుంటుంది. ఎంత వంగాలో, ఎంత తెరుచుకోవాలో తల్లి చెప్తుంది. మనిషి చెప్పలేడు. మా మామ నాకు అలాగే ఇచ్చాడు. ఆయనకి వాళ్ళ మామ ఇచ్చాడు. విప్పే రోజొస్తే పిల్లతో ఇంకో పిల్లని కట్టొచ్చు. అది విప్పడానికి ఇంకా నెలన్నర ఉంది. నేను ఎన్‌గుమా ఊరికి చావుకి వెళ్ళాను."

"వచ్చేసరికి?" అన్నాను, తెలిసే.

"వచ్చేసరికి అటక ఖాళీ. నువ్వొచ్చి వెళ్ళావని పిల్లలు చెప్పారు. సరే, రెండూ తీసుకుపోయాడు, ఎక్కడో ఒకచోట ఉంటాయి, అల్లుడు కదా అనుకున్నాను. తర్వాత బూడిద ఎత్తుతుంటే..." ఆగిపోయాడు. "గంటు ఉన్న ముక్క దొరికింది. బెత్తెడు."

అత్త లోపలికి వచ్చింది. ఒడిలో గింజలు అలాగే ఉన్నాయి.

"ఆ రోజు నేనే పొయ్యి రాజేశాను," అంది.

"ఎవరు రాజేస్తే ఏముంది."

"అరటికాయలు ఉడకేశాను. కట్టె పచ్చిగా ఉండి పొగ పెడుతోందని తిట్టుకున్నాను కూడా. నాకు గుర్తుంది. పొగకి కళ్ళు మండిపోయాయి ఆ రోజు." ఆమె మామ ఎదురుగా నిలబడింది, ఆయన చూడగలిగినట్టే. "పంతొమ్మిదేళ్లు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు?"

"ఏడ్చేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

బయట అబాలో ముసలివాళ్ళు ఎవరో గెలిచినట్టున్నారు, పలక గట్టిగా మోగింది. తుపాకులు వచ్చాక వీటిని పొయ్యిలో పెడుతున్నారని విని, కాలిపోకుండా కాపాడదామనే నేను ఈ పని మొదలుపెట్టాను. మొదటి రోజే, మొదటి ఇంట్లోనే ఒకదాన్ని కట్టెల్లో పడేసి వచ్చాను. ఆ సంగతి రాసుకున్నాను కూడా.

"తర్వాత మూడు చేశాను," అన్నాడు మామ. "గుర్తున్నదాన్నిబట్టి. మొదటిది కోతుల గుంపు కింద నిలబడగానే దానంతటదే పేలింది. ఎవడి కాలికీ తగల్లేదు, దేవుడి దయ. విషం ఉన్న బాణం. మూడోది కూడా అలాగే చేసేసరికి ఉలి ఏట్లో వేశాను."

"ఇప్పుడు తల్లి వచ్చింది కదా మావా," అన్నాను. "పచ్చి కర్ర నేను కొట్టుకొస్తాను. నువ్వు చెప్తుంటే నేను చీలుస్తాను. కట్టడం..."

"నేను చెప్తే నువ్వు చీలుస్తావా? చప్పుడు తెలియని చేత్తో?" మొదటిసారి ఆయన గొంతు గీరుకుంది. "నాకు కళ్ళు లేవు. వేళ్ళతోనే చూడాలి. దాన్నీ చూడాలి, దీన్నీ చూడాలి. పక్కన ఉన్న తల్లిని ముట్టుకోకుండా పిల్లని ఎలా చెయ్యను?"

"దీనికి దారేదీ లేదా?"

"ఒకటుంది. ఈ ఇంటి ఆడపడుచు తన వాటాని తన చేత్తో తెచ్చి పెడితే తీసుకోవచ్చు. అది తిరిగి ఇచ్చినట్టు కాదు. పుట్టింటికి పెట్టినట్టు."

"అంతేనా? అయితే అమ్మని తీసుకొస్తాను. రేపే. నడవలేకపోతే మోసుకొస్తాను."

మా అమ్మ ఒయానే బతికే ఉంది, ఏటికి ఇవతలి ఒడ్డునే, రెండు గంటల దారిలో. పుట్టింటికి రాదు. కాళ్ళనొప్పులని అనేది. నా చిన్నప్పుడు కాళ్ళనొప్పులు లేవు, అప్పుడు కూడా రాలేదు. నన్ను ఒక్కణ్ణే పంపేది. ఇన్ని విళ్ళ మీద ఇన్ని గీతలు చూసి రాసుకున్నవాణ్ణి, అది మాత్రం గమనించలేదు.

"రాదు," అంది అత్త.

"అండెమే," అన్నాడు మామ.

"వాడికి తెలియనీ. ఇంకెన్నాళ్లు ఒక్కొక్కటీ ఒక్కొక్కరి దగ్గర దాస్తావు?" నా వైపు తిరిగింది. ఆమె మొహంలో అంతకుముందున్న వేళాకోళం లేదు. "మీ అమ్మకి ఇంకో ఊరి పిల్లవాడున్నాడు. వాడి దగ్గర ఇవ్వడానికేమీ లేదు. మీ నాన్న దగ్గర ఉంది. మీ మామకి పెళ్ళి కావాలి, నా కోసం మావాళ్ళు తొందర పెడుతున్నారు. పద్దెనిమిది రోజుల్లో అయిపోయింది అంతా. వెళ్ళేరోజు మీ అమ్మ ఈ వాకిట్లో నిలబడి, తనని అమ్మిన సొమ్ముతో తెచ్చుకున్న ఆడది ఈ పొయ్యి దగ్గర కూర్చున్నంతకాలం ఈ గడప తొక్కనంది. నేను అప్పుడే ఆ గుమ్మంలోంచి లోపలికి వస్తున్నాను. నెత్తి మీద బుట్టతో. నాకు పదహారేళ్లు. నేనేం చేశాను?"

"ఆ మాట చిన్నపిల్ల మాట," అన్నాడు మామ. "కోపంలో అన్నది."

"కోపంలో అన్నదైతే ఒక్కసారైనా వచ్చేదిగా."

ఆమె ఒడిలో గింజలు జాగ్రత్తగా చేటలో పోసింది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుంది. మా పొయ్యిలో మూడు పెద్ద దుంగలు కొసలు కలిపి పెడతారు, పగలూ రాత్రీ ఆ కొసలు కాలుతూనే ఉంటాయి. ఇంటావిడ చచ్చిపోయినప్పుడు తప్ప ఎడం చెయ్యరు. ఆమె మొదటి దుంగని వెనక్కి లాగింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు మామ.

రెండోది లాగింది. మూడోది బరువైనది, కాలితో తోసింది. నిప్పులు నేల మీద విడిపోయి మసకబారాయి.

"అలోగో. ఏం చేస్తోందది?"

"దుంగలు విడదీస్తోంది మావా."

అత్త మూలనున్న బుట్ట తీసుకుంది. కట్టుగుడ్డలు రెండు, కత్తి ఒకటి అందులో పెట్టింది. ఇంకేమీ తీసుకోలేదు. నుదుటికి బుట్టపట్టీ తగిలించుకుంది.

"చేట మీద ఏదన్నా కప్పు, కోళ్ళు తినేస్తాయి," అంది నాతో. "మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. పొయ్యి ఖాళీ అయిందని నా నోటితోనే చెప్తాను. వస్తుందో రాదో తర్వాత సంగతి. నేను కాల్చినదానికి నేను కదా నడవాలి."

"అండెమే," అన్నాడు మామ. "ఏటిదారిలో ఒక్కదానివీ..."

ఆమె గడప దాటింది. వాకిట్లో అడుగులు వినబడ్డాయి, తొందర లేకుండా. అబా దగ్గర పలకలాట ఆగింది. అడుగులు రోడ్డెక్కాయి.

మామ లేచాడు. మంచం పట్టెని వదిలేశాడు. చేతులు ముందుకి చాచి, గుమ్మంలోంచి వస్తున్న వెలుగు వైపు మొహం పెట్టి, నిండు కళ్ళున్నవాడిలా నడవబోయాడు. ఆయనకీ గుమ్మానికీ మధ్య అడ్డవిల్లు ఉంది. నేను పెట్టినచోటే ఉంది.

ఒక అడుగు వేశాడు. ఇంకొకటి.

'ఆగు మావా' అంటే ఆగుతాడు. రెండు మాటలు. ఆయన కాలు దానికి తగిలితే అత్త ఈ ఇంటిది కాకుండా పోతుంది. కానీ తగిలితే, వంగుతాడు. తగిలాక ఇంక కాపాడుకోవడానికేమీ ఉండదు. ఆ వేళ్ళు దాన్ని పట్టుకుంటాయి, లోపలి నరం ఎక్కడిదాకా పోయిందో బొటనవేలికి తెలుస్తుంది, వచ్చే వానలకి పొయ్యి మీద రెండు కర్రలు వేలాడతాయి. నేను కోరుకుని వచ్చింది అదే.

నోరు తెరిచాను. మామ కాలు నేల మీంచి లేచింది. నా నోట్లోంచి ఇంకా మాట రాలేదు.